ఎడమ ఇంజను

శ్రీకాళహస్తి బస్సు రేణిగుంట దాటాక కండక్టరు హేమశ్రీ టికెట్లు కొట్టుకుంటూ చివరి సీటు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ సీటును ఈ కొస నుంచి ఆ కొస దాకా పాత దుప్పటి చుట్టిన పొడుగాటి వస్తువొకటి ఆక్రమించుకొని ఉంది. దాని చివర, కిటికీకి అతుక్కుపోయి, మామిడికాయల క్రేటు మోకాళ్ళ మధ్య ఇరికించుకొని, అరవైకి దగ్గరపడ్డ మనిషి కూర్చున్నాడు. నీలం చొక్కా, నున్నగా గీసిన గడ్డం, గోళ్ళ సందుల్లో ఎన్నేళ్ళ నుంచో వదలని గ్రీజు.

“ఏంది సార్ ఇది? మనిషంత పొడుగుండాది. మనిషైతే కాదు గదా?”

“రెక్కమ్మా.”

“ఏ పక్షిది?”

“విమానానిది. రిమోట్టుతో ఎగిరే చిన్న విమానం. వెనకటి యుద్ధంలో వాడినదానికి నకలు. దాని పేరు దోమ.”

“దోమా!” హేమశ్రీ బస్సుకంతా వినపడేట్టు అంది. “ఆడదోమా, మొగదోమా? కుట్టేది ఆడదే గదా. ఆడదయితే ఆధార్ కార్డు సూపిచ్చు సార్, జీరో టికెట్టు కొట్టిచ్చేస్తా. మొగదయితే లగేజీ కట్టు.”

బస్సు నవ్వింది. రెక్క తెచ్చిన మనిషి, పాల్, నవ్వలేదు. ఎంతయితే అంత తీసుకొమ్మని నోటు ఆమె చేతికిచ్చాడు. అతను నవ్వకపోవడానికి కారణం కండక్టరు వేళాకోళం కాదు. అందరూ నవ్వుతున్నప్పుడు ముందు వరసలో ఒక్క ఆడమనిషి నవ్వకుండా, దోమ అన్న మాట చెవిన పడగానే, వెనక్కి తిరిగింది. ఒళ్ళో వెదురు బుట్ట, బుట్టలో అలిపిరి మెట్ల దగ్గర అమ్మగా మిగిలిన చెక్క బొమ్మలు.

ఆమె నాగరత్నమ్మ. మాధవమాలలో చెక్కతో దేవుళ్ళను చెక్కే కుప్పయ్యకు భార్య. కుప్పయ్య పోయి ఏడాదిన్నర అయింది.

పాల్ బయలుదేరింది ఆమె ఇంటికే. కాకపోతే ముందు విమానం ఎగరేసి, మాటలు కూడగట్టుకొని, ఆ తరువాత గడప తొక్కాలనుకున్నాడు. అతని చొక్కా జేబులో ఒక సున్నపు డబ్బీ ఉంది. ఏడేళ్ళుగా తన మీద ఉన్న నింద తనది కాదని చెప్పే సాక్ష్యం అందులో ఉంది. దాన్ని ఆమె ముందు పెట్టాలా వద్దా అన్నది బంగారుపాళ్యంలో బస్సెక్కేటప్పటికి తేలిపోయింది. పెట్టాలి. ఇప్పుడు ఆమె మొహం చూడగానే ఆ తేలినది కాస్తా మళ్ళీ మునిగింది.

“ఏమప్పా పాలూ, మళ్ళా కట్టినావా దాన్ని?” అంది ఆమె, నిన్ననే చూసిన మనిషిని పలకరించినట్టు.

“కట్టినా వదినా.”

“యాడ ఎగరేస్తావు?”

“అప్పుడు పడినకాడనే.”

ఆమె తల ఊపి ముందుకు తిరిగింది.

పాల్ తండ్రి బంగారుపాళ్యం మండీల్లో హమాలీ. పాల్ మూటలు మోయలేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో తిరుపతి వెళ్ళి, ఒక కాలేజీలో ఎన్‌సీసీ విమాన విభాగం వాళ్ళ స్టోరులో రోజుకూలీగా కుదిరాడు. ఊడవడం, కేడెట్లు పడగొట్టిన మోడల్ విమానాలను ఏరుకొచ్చి పెట్టెల్లో సర్దడం అతని పని. ఆర్నెల్లకు విరిగినవి అతికించడం వచ్చింది. రెండేళ్ళకు కొత్తవి కట్టడం వచ్చింది. కేడెట్లు ఏటేటా మారిపోయేవాళ్ళు. చీపురు పట్టిన మనిషి మాత్రం మారలేదు. అందువల్ల ఎగరేయడం అందరికంటే అతనికే ఎక్కువ పట్టుబడింది. ఏ కాగితంలోనూ అతని పేరు లేదు. ఆ కూలి పోయాక ఊరికి తిరిగి వచ్చి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు మెకానిక్కుగా చేరాడు.

గుజ్జు ఫ్యాక్టరీ బతుకు ఒక తీరుగా ఉంటుంది. ఏడాదిలో రెండున్నర నెలలు మనిషికి కన్ను మూతపడదు. తోతాపురి కాయల ట్రాక్టర్లు హైవే అంచున బారులు తీరి, ఎండకు కాయలు మెత్తబడి, రోడ్డంతా తియ్యటి కుళ్ళు వాసన కొడుతుంది. మిగతా తొమ్మిదిన్నర నెలలు యంత్రాలకు నూనె పూస్తూ గోడలు చూడ్డమే. ఆ ఖాళీ మనిషిని తినేస్తుంది. కొందరు సీసా పట్టుకున్నారు, కొందరు పేకముక్కలు. పాల్ ఇంటి వెనక రేకుల షెడ్డులో విమానాలు పట్టుకున్నాడు. “తాగేవాని పెండ్లానికయినా మొగుడు యాడ పడుండాడో తెలుస్తాది. ఈయన ఇంట్లోనే ఉండి కనపడడు,” అని అతని భార్య రెబెకా చర్చి మెట్ల మీద తోటివాళ్ళతో అనేది.

రెండు ఇంజన్ల దోమ మీద అతనికి మనసు పడడానికి కారణం దాని చరిత్ర. రెండో ప్రపంచ యుద్ధంలో అల్యూమినియానికి కటకటగా ఉన్నప్పుడు ఇంగ్లండులో ఆ యుద్ధవిమానాన్ని చెక్కతో కట్టారు. కట్టినవాళ్ళలో అంతకు ముందు దాకా కుర్చీలూ బీరువాలూ చేసిన వడ్రంగులు ఉన్నారు. ఆ చెక్క విమానాన్ని అందుకోవడం చాలాకాలం పాటు శత్రువుల లోహపు విమానాల వల్ల కాలేదు. అది మన దేశానికి వచ్చినప్పుడు మాత్రం ఇక్కడి ఎండకూ తేమకూ కొన్నింటి అతుకులు వదిలేశాయి. పాతపుస్తకాల అంగడిలో దొరికిన చినిగిన ఇంగ్లీషు పుస్తకంలో, పక్కనున్నవాళ్ళ చేత చదివించుకొని, పాల్ ఇదంతా తెలుసుకున్నాడు. యుద్ధం, బాంబులు, చచ్చినవాళ్ళ లెక్కలు అతన్ని పెద్దగా తాకలేదు. వడ్రంగులు కట్టారన్న మాట తాకింది. చెక్క తెలిసిన మనిషి కావాలని వెతుక్కుంటూ మాధవమాల వెళ్ళాడు.

కుప్పయ్య దొరికాడు. విమానం బొమ్మను అరుగు మీద పరుచుకొని చాలాసేపు చూసి, “మొగం యాడుండాది దీనికి?” అని అడిగాడు. విగ్రహం చెక్కేవాళ్ళు టేపుతో కొలవరు. మొహం పొడుగును ఒక తాళమంటారు. నిలబడ్డ దేవుడు ఇన్ని తాళాలు, చెయ్యి ఇన్ని, కాలు ఇన్ని అని లెక్క. పైలట్ కూర్చునే అద్దాల గూడే మొహమని పాల్ చెప్పాడు. కుప్పయ్య ఒక తాటాకు ముక్కను అంత పొడుగుకు చించి, మడతలు పెట్టి, దానితోనే విమానమంతా కొలిచాడు. ముక్కు నుంచి తోకకు ఇన్ని తాళాలు, రెక్క కొస నుంచి కొసకు ఇన్ని. పుస్తకంలోని కొలతలతో పోల్చి చూస్తే గోరంత తేడా వచ్చింది. తేడా పుస్తకంలోనే ఉందని కుప్పయ్య వాదించాడు.

నాలుగేళ్ళు పట్టింది. విమానం ఒంటికి తేలికైన బాల్సా చెక్క, పైన పలచటి పొర. చెక్క పని కుప్పయ్యది, ఇంజన్లు పాల్‌వి. పిడికిలంత ఇంజన్లు, వాటికి మిథనాలులో ఆముదం కలిపి పోస్తారు. ప్రతి ఇంజను వెనకా చిన్న ట్యాంకు. ఆ ట్యాంకులోకి గాలి పోవడానికి సూదిమొనంత బెజ్జమున్న ఇత్తడి గొట్టం ఇంజను పక్కన ముందుకు పొడుచుకొని ఉంటుంది. గాలి లోపలికి పోకపోతే నూనె బయటికి రాదు, కాసేపటికి ఇంజను ఆగిపోతుంది.

రెండు ఇంజన్ల విమానంలో ఇంకో సంగతుంది. ఒకే ఇంజను ఉన్నదానికి ఇంజను ఆగితే అది గద్దలా జారుకుంటూ దిగుతుంది. రెండున్నదానికి ఒకటి ఆగడంలోనే ప్రాణాపాయం. బతికున్నది విమానాన్ని చచ్చినదాని వైపుకు తిప్పి బోర్లా కొడుతుంది. ఆ క్షణాన బతికున్నదాని జోరు తగ్గించాలి. చెయ్యి మాత్రం పెంచమంటుంది.

ఏడేళ్ళ కిందట ఒక ఆదివారం. కుప్పయ్య బొమ్మలు చెక్కే కొట్టంలో ఒక ఆచారం ఉండేది: చిన్న బొమ్మయినా, ఆరడుగుల విగ్రహమయినా, చందనం అద్ది కుంకుమ పెట్టకుండా గడప దాటదు. పెట్టేది ఇంటి ఆడమనిషి. నాగరత్నమ్మ గిన్నెలో చందనం చిక్కగా కలుపుకొచ్చి విమానం ముక్కుకొకటి, కుడి ఇంజను నుదుటికొకటి, ఎడమ ఇంజను నుదుటికొకటి బొట్లు పెట్టింది. ఊరి వెనక మట్టి తవ్వి వదిలేసిన చదును నేల మీదికి వీధి వీధంతా వచ్చింది. విమానం లేచింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో ఎడమ ఇంజను ఆగింది. పాల్ రిమోట్టు మీద జోరు పెంచే మీటను చివరిదాకా తోశాడు. విమానం ఎడమకు ఒరిగి, బోర్లా తిరిగి, నిలువునా నేలకు దిగబడింది.

ఆ సాయంత్రం కుప్పయ్య ఇంటి ముందు వీధిలో పాల్ ముక్కలు ఏరి క్రేటులో పెట్టుకుంటున్నాడు. ఇంట్లోంచి కుప్పయ్య బయటికి వచ్చి, అందరూ వినేట్టు, “పాల్ చెయ్యి వణికింది! వాడి చేతగానితనం!” అని అరిచాడు. పాల్ తల ఎత్తలేదు. క్రేటు ఎత్తుకొని వెళ్ళిపోయాడు. ఎడమ రెక్క, ఇంజను అక్కడే ఉండిపోయాయి. తరువాత అతను రాలేదు, వాళ్ళు పిలవలేదు. తిరుపతిలో విమానాలు ఎగరేసే నలుగురైదుగురి దాకా కూడా ఆ మాట పాకింది. వాళ్ళు అతని చేతికి రిమోట్టు ఇవ్వడం మానేశారు. ముప్పై ఏళ్ళ చెయ్యి ఒక్క మాటతో పోయింది.

కుప్పయ్య పోయిన కొన్నాళ్ళకు నాగరత్నమ్మ, ఇవి నీ సామాన్లంట, అని కుప్పయ్య కట్టిపెట్టిన సంచి ఒకటి ఎవరి చేతో పంపింది. అందులో ఎడమ ఇంజను, ట్యాంకు ఉన్నాయి. ట్యాంకుకు పాత గొట్టం లేదు. కొత్త గొట్టం బిగించి ఉంది, ముందుకు కాకుండా రెక్క అడుగుకు వంచి. సంచి అడుగున కుప్పయ్య సున్నపు డబ్బీ. మూత తీస్తే పాత ఇత్తడి గొట్టం ముక్క. దాని బెజ్జంలో చందనం ఎండి రాయిలా బిగుసుకొని ఉంది, కొసన ఎర్రగా కుంకుమ.

అంటే చందనం బెజ్జాన్ని మూసేయబట్టే ఇంజను ఆగిందని కుప్పయ్యకు తెలుసు. అరిచేటప్పటికే తెలుసో, తరువాత తెలిసిందో గానీ, తెలిసీ నోరు విప్పలేదు. పాల్ ఆ రాత్రి అన్నం తినలేదని రెబెకా ఆ తరువాత చాలాసార్లు చెప్పింది. మర్నాటి నుంచి విమానం మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.

ఏర్పేడులో దిగి ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు. రెక్క ఆటో బయటికి రెండు వైపులా పొడుచుకొచ్చింది. ఊరి మొదట్లో ఆటో వదిలి చదును నేల వైపు నడిచారు. పాల్ భుజాన రెక్క. విమానం ఒంటిని పెట్టిన క్రేటుకు ఒక చెవి అతను, ఇంకో చెవి ఆమె పట్టుకున్నారు.

“నిన్నొకటి అడగాల పాలూ. ఎప్పుటినుంచో అడగాలనుకుంటా ఉండా.”

“అడుగు వదినా.”

“ఆ పొద్దు నువ్వు వీధిలో ముక్కలు ఏరుకుంటా ఉండావా? ఇంట్లో మా అత్త అలివేలమ్మ నన్ను పట్టుకునింది. దీని చేత బొట్టు పెట్టిస్తిరి, అది నేలకు కొట్టుకునె, ఇంక కొట్టంలో ఏ పనికీ ఈ పాడుచెయ్యి తగలనీకండి, అనింది. ఆ నోరు తెరిస్తే మూతపడేది గాదు, నీకు తెలుసు గదా. నేను పొయ్యికాడ కూలబడిపోయినా. అప్పుడు లేసినాడు మా ఆయన. బయటికొచ్చి, నీ పేరు చెప్పి అరిసినాడు. ముసిల్ది గమ్మునయిపోయింది.”

పాల్ నడక ఆగింది. క్రేటు చెవి లాగడంతో ఆమె కూడా ఆగింది.

“ఏమయింది?”

“ఏం లేదు. రాయి తగిలింది.”

అంతకాలం పాల్ అనుకున్నది వేరు. తన చెక్క పనికి చెడ్డపేరు రాకూడదని కుప్పయ్య తప్పును పాల్ మీదికి తోసేశాడనుకున్నాడు. ఇంట్లో పొయ్యి దగ్గర ఇంకో మనిషి ఉందని తెలియదు.

“పొయ్యే ముందర దినం నన్ను పిలిసి, పాల్‌ను అనరాని మాట అన్నా నాగా, అన్నాడు. యాల అన్నావయ్యా అంటే గోడకల్లా తిరిగి పండుకున్నాడు,” అంది నాగరత్నమ్మ. “అప్పుటినుంచి నాకు అనుమానం. నన్ను కాపాడేదానికి అబద్ధం చెప్పినాడేమో అని. ముసిల్ది అన్నిందే నిజమేమో అని. కొట్టం మూసేసినాక గూడా ఒక బొమ్మ చేతికి తీసుకుంటే ఆ మాటే ఇనపడతా ఉండాది. నువ్వు ఏసు మింద ఒట్టేసి చెప్పు. నా బొట్టు వల్లనే పడిందా అది?”

పాల్ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. డబ్బీ అంచు వేలికి తగిలింది.

“ఎగరేసినాక చెబుతా,” అన్నాడు.

నేల ఏడేళ్ళలో పెద్దగా మారలేదు. అంచుల్లో కంపచెట్లు పెరిగాయి. పాల్ రెక్కను ఒంటికి బిగించి, పైనా కిందా తడిమి, ట్యాంకులు నింపాడు. ఆముదం వాసన గాలిలో లేచింది. రిమోట్టు మీద ఇంజన్లకు రెండు మీటలు పెట్టుకున్నాడు, దేనికదే. వెనకటిసారి రెంటికీ ఒకే మీట ఉండేది.

“బొట్టు పెట్టు వదినా.”

“నేనా? మంచోనివేలే. మొగుడుండగానే పెట్టగూడదన్న చెయ్యి. ఇప్పుడు పెట్టమంటావా?”

“అన్న కొట్టంలోది బొట్టు లేకుండా గడప దాటిందా ఎప్పుడన్నా?”

“ఏసును నమ్ముకున్నోనివి, నీకెందుకయ్యా బొట్టు?”

“నాక్కాదు. దానికి.”

బుట్టలో, కొన్నవాళ్ళు బొమ్మలకు పెట్టుకోవడానికి, చందనం ఉండా కుంకుమ భరిణా ఉన్నాయి. నీళ్ళ సీసాలోంచి నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకొని అరగదీసింది. ముక్కుకు పెట్టింది. కుడి ఇంజనుకు పెట్టింది. ఎడమదాని దగ్గర ఆమె వేలు గాలిలో నిలబడిపోయింది. పాల్ చూస్తున్నాడు. గొట్టం ఇప్పుడు రెక్క అడుగున ఉంది, కుప్పయ్య వంచి పెట్టినచోట. బొట్టు ఎక్కడ పెట్టినా దాన్ని అందుకోలేదు.

“పెట్టు,” అన్నాడు.

పెట్టింది. సరిగ్గా అప్పటిచోటే.

“ఇప్పుడు ఇను వదినా. పైకి పోయినాక ఎడమదాన్ని నేనే ఆపేస్తా. నేనే. నీ బొట్టు గాదు, దేవుడు గాదు. భయపడొద్దు.”

“యాల ఆపడం, బాగా ఎగిరేదాన్ని?”

అతను బ్యాటరీ తగిలించి, ప్రొపెల్లరును కర్రముక్కతో తట్టాడు. కుడిది మొదటి దెబ్బకే పట్టుకుంది. ఎడమది మూడో దెబ్బకు. రెండు మోతలూ మొదట వేర్వేరుగా, కాసేపటికి ఒకే మోతగా కలిశాయి. విమానం దుమ్ములో పరుగెత్తి లేచింది.

పైకి ఎదిగిన కొద్దీ చిన్నదైపోయే వస్తువు ఏదైనా ఉంటే అది దూరమయ్యే విమానమే. నాలుగేళ్ళు ఇద్దరి చేతుల్లో, ఏడాది ఒక్కడి చేతుల్లో పెరిగినది, కంపచెట్ల పైన తిరుగుతూ నిజంగానే దోమంతయింది. ఒక చుట్టు. రెండో చుట్టు. అప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడికి రాగానే పాల్ ఎడమ మీటను కిందికి లాగేశాడు.

మోత సగమయింది. విమానం ఎడమకు మూతి తిప్పింది. రెక్క వంగింది. అతని బొటనవేలు, ఏడేళ్ళ కిందటి బొటనవేలే, కుడి మీటను పైకి తొయ్యబోయింది. ఎంత సహజంగా తొయ్యబోయిందో అతనికి తెలిసింది. ఆపుకున్నాడు. కుడిదాన్ని తగ్గించాడు. తోకను కుడికి తిప్పి పట్టాడు. విమానం ఎత్తు పోగొట్టుకుంటూ, ఊగుతూ, నిటారయింది. తిప్పి తన దగ్గరికి తెచ్చుకోవాలన్న ఆశ పెట్టుకోకుండా, ఎదురుగా ఉన్న నేల మీదికే వదిలాడు. రెండుసార్లు ఎగిరి, దుమ్ము రేపి, చక్రాల మీద నిలబడింది.

చెయ్యి వణకలేదు. ఆ సంగతి తెలిసిన క్షణానే ఇంకో సంగతి కూడా తెలిసింది. చందనం ఇంజనును ఆపింది, అంతే. విమానాన్ని పడగొట్టినది చందనం కాదు. జేబులో మోసుకొచ్చిన సాక్ష్యం సగం దాకే నిజం చెబుతుంది.

నాగరత్నమ్మ పరుగులాంటి నడకతో అతని కంటే ముందే విమానం దగ్గరికి చేరింది. ఎడమ ఇంజను మీది బొట్టు అలాగే ఉంది, నూనె చిమ్మి కొంచెం కారింది.

“సూసినావు గదా వదినా. ఒకటి ఆగినా దించొచ్చు. ఆ పొద్దు గూడా దించొచ్చు. నేను బెదిరిపోయి రెండోదాన్ని ఎక్కిచ్చినా. అన్న అబద్ధం చెప్పలేదు. నా చెయ్యే.”

ఆమె అతని మొహంలోకి చూసింది. “మరి ఆ పొద్దు ఎడమది యాల ఆగింది?”

“ఇంజనన్నాక ఆగుతాది.”

చక్రాలు చూద్దామని వంగాడు. జేబులోంచి డబ్బీ జారి నేల మీద పడింది. అతను అందుకునేలోపల ఆమె తీసుకుంది.

“ఇది మా ఆయన సున్నపు డబ్బీ! యాడెతికినా కనపడలేదు. నీకాడికి ఎట్లొచ్చింది?”

“నువ్వంపిన సంచిలోనే ఉండె.”

ఆమె చెవి దగ్గర పెట్టుకొని ఆడించింది. “ఏందో గలగలమంటా ఉండాది.” మూత సందులో గోరు పెట్టింది.

“మరమేకు ఏదో ఏసిపెట్టినా. ఇట్లియ్యి.”

ఇచ్చింది. అతను గాలికి వీపు చేసి మూత తీశాడు, ఇత్తడి ముక్కను పిడికిట్లోకి ఒంపుకొని, డబ్బీని ఆమెకు తిరిగి ఇచ్చాడు. నాగరత్నమ్మ ఖాళీ డబ్బీని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండిన సున్నం వాసన ఇంకా ఏమాత్రం మిగిలి ఉందో, కళ్ళు మూసుకొని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

పాల్ రెక్క విప్పాడు. దుప్పటి చుట్టి భుజాన వేసుకున్నాడు. ఒంటిని క్రేటులో సర్ది చంకకెత్తుకున్నాడు. వస్తా వదినా అన్న మాట నాలిక దాకా వచ్చింది. అది అంటే ఆమె కళ్ళు తెరుస్తుంది, ఇంకోటి అడుగుతుంది. కంపచెట్ల పక్కన బాట పట్టుకొని ఏర్పేడు రోడ్డు వైపు నడిచాడు. ఎండుగడ్డి అంచుకు చేరాక వెనక నుంచి “పాలూ, కాఫీ తాగి పో” అన్న పిలుపు వినిపించింది. అతను పిడికిలి విప్పలేదు, వెనక్కి తిరగలేదు.